స్టీరింగ్ బాక్సు మార్చే ముందు ఒక్క డ్రాగ్ లింకు విప్పి చూడండి

ప్రశ్న: మాది 2008 మోడల్ టాటా 1613, ఆరు టైర్ల బండి, పవర్ స్టీరింగ్. తాడిపత్రి నుంచి నాపరాళ్లు వేసుకొని వారానికి రెండు ట్రిప్పులు బెంగళూరికి పోతాం. బరువుకు ఆగడం లేదని దసరా ముందర ముందు కమాన్ కట్టలు విప్పి కట్టించి, వెనక కట్టల్లో రెండేసి పట్టీలు ఎక్కించినాం. అప్పుడే కింగ్ పిన్నులు కూడా మార్పించినాం. అప్పటి నుంచి హైవే మీద 55, 60 దాటితే క్యాబిన్ అదురుతాంది. ఖాళీగా వచ్చేటప్పుడైతే కడుపులో పేగులు కదులుతాయి. స్టీరింగ్ కూడా పట్టేస్తాంది. మలుపు తిప్పినాక తనంతట తాను వెనక్కి రాదు, మనమే లాగాల. షెడ్డులో స్టీరింగ్ బాక్సు పోయింది, మార్చాల అంటాండారు. మార్చమంటారా?
– లారీ యజమాని, తాడిపత్రి, అనంతపురం జిల్లా

జవాబు: ఇప్పుడే మార్చొద్దు. బాక్సు (స్టీరింగ్ తిప్పుడును ముందు చక్రాలకు అందించే గేర్ల పెట్టె) కంటే ముందు అనుమానించాల్సినవి మీ ఉత్తరంలోనే ఉన్నాయి. ముందు కమాన్ కట్టలు, అంటే స్ప్రింగు పట్టీల కట్టలు విప్పారు, వెనక పట్టీలు ఎక్కించారు, కింగ్ పిన్నులు (ముందు చక్రాలు పక్కలకు తిరిగే నిలువు పిన్నులు) మార్చారు. ఆ పనులయ్యాకే రెండు బాధలూ మొదలయ్యాయి. అంతవరకూ పనిచేసిన బాక్సు సరిగ్గా ఆ వారమే చెడిపోవాలంటే, ఎవరో దాని స్క్రూ తిప్పి ఉండాలి. అది కూడా జరిగే పనే, దాని సంగతి తర్వాత చెప్తాం.

ముందు అదురుడు, కుదుపు వేరు చేయాలి. షెడ్డుకు పోయి ‘బండి కొడతాంది’ అంటే ఎవరికి తోచింది వాళ్లు విప్పుతారు. ఖాళీ బండితో అనంతపురం దాటి మరూరు టోల్‌గేటు అవతల, రోడ్డు తిన్నగా ఉన్నచోట, వెనక బండ్లు లేనప్పుడు చూడండి. అదురుడు ఏ స్పీడులో మొదలవుతుంది, ఏ స్పీడులో తగ్గుతుంది? చేతికి, అంటే స్టీరింగ్ చక్రానికి వస్తోందా, సీటు కిందికి వస్తోందా? యాక్సిలరేటరు వదిలితే మారుతోందా? 60లో ఒక్క క్షణం క్లచ్చి తొక్కి ఇంజను ఐడిల్‌కు దిగనివ్వండి. అప్పటికీ అదురుడు అట్లనే ఉంటే ఇంజనుకు, దాని మౌంటింగులకు సంబంధం లేదని తేలిపోతుంది.

చిన్న లెక్క ఒకటి గుర్తుపెట్టుకుంటే పని సులువు. 10.00–20 టైరు ఒక చుట్టు తిరిగితే బండి దాదాపు 3.3 మీటర్లు పోతుంది. 60 కిలోమీటర్ల స్పీడంటే సెకనుకు 17 మీటర్లకు కాస్త తక్కువ, అంటే చక్రం సెకనుకు అయిదు చుట్లు. గేరుబాక్సు నుంచి వెనక యాక్సిల్‌కు పోయే ప్రొపెల్లర్ షాఫ్టు దానికి అయిదారు రెట్లు తిరుగుతుంది, సెకనుకు పాతిక, ముప్పై చుట్లు. కాబట్టి ‘దడ దడ దడ’ అని వేళ్ల మీద లెక్కపెట్టేటట్టు ఉంటే అది చక్రం, టైరు, హబ్బు, డ్రమ్ము. లెక్కకు అందకుండా ‘బుర్ర్’మని అరికాళ్లకు జిల ఎక్కుతుంటే షాఫ్టు. స్పీడుతో పని లేకుండా రోడ్డు అతుకు, వంతెన అతుకు వచ్చిన ప్రతిసారీ ‘ధడ్’మంటే అది కమాన్ల వ్యవహారం. పేగులు కదలడమంటే ఈ మూడోది. క్యాబిన్ అదురుడు మొదటిదో రెండోదో మీరే తేల్చాలి.

స్టీరింగ్ వైపు వద్దాం, ప్రాణాల మీదికి తెచ్చేది అదే. ముందుగా బండి కింద దూరి బాక్సును ఛాసిస్‌కు పట్టిన బోల్టులు, అక్కడ ఛాసిస్‌లో పగులు, డ్రాప్ ఆర్ము (బాక్సు నుంచి వేలాడే చేయి) నట్టు, డ్రాగ్ లింకు (ఆ చేతిని ముందు చక్రం వైపు కలిపే కడ్డీ), టై రాడ్ (రెండు ముందు చక్రాలను కలిపే కడ్డీ) ఎండ్ల స్ప్లిట్ పిన్నులు (నట్టు ఊడకుండా పెట్టేవి) చూడండి. వీటిలో ఒక్కటి వదులైనా, ఒక్క స్ప్లిట్ పిన్ను లేకపోయినా అది సరిచేసేదాకా బండి కదలకూడదు. లోడు వేసి ఉన్నాం, ఈ ఒక్క ట్రిప్పు అనే మాట ఇక్కడ చెల్లదు.

అవి బాగుంటే అసలు పరీక్ష. సమతలంగా ఉన్న గట్టి నేల మీద బండి నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు రెండు వైపులా చెక్కలు అడ్డం పెట్టండి. ముందు యాక్సిల్ కింద జాకీ వేసి రెండు చక్రాలూ నేల వదిలేదాకా ఎత్తి, స్టాండ్ల మీద గానీ గట్టి చెక్క దిమ్మెల మీద గానీ దించండి. జాకీ మీదే వదిలేయొద్దు. చేతికందుతున్నాయి కదా అని నాపరాళ్లు పేర్చి వాటి మీద యాక్సిల్ పెట్టనే వద్దు. ఆ రాయి పొరలుగా చీలుతుందని మీకు మేం చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు డ్రాప్ ఆర్ము దగ్గర డ్రాగ్ లింకు ఊడదీయండి. స్ప్లిట్ పిన్ను తీసి నట్టు విప్పాక బాల్ పిన్ను టేపరులో, అంటే సన్నబడే కన్నంలో పట్టుకొని ఉంటుంది. పుల్లరు ఉంటే పుల్లరుతో లాగండి. లేకుంటే ఆర్ము కన్నుకు ఒకవైపు బరువైన సుత్తి ఆనించి, రెండోవైపు ఇంకో సుత్తితో ఒక్క గట్టి దెబ్బ వేస్తే జారుతుంది. మర మీద మాత్రం కొట్టొద్దు. లింకు ఊడిందంటే స్టీరింగ్ రెండు ముక్కలైనట్టు. పైన స్టీరింగ్ చక్రం, దాని కింది కాలమ్ (షాఫ్టు గొట్టం), బాక్సు. కింద కింగ్ పిన్నులు, టై రాడ్డు.

కింది ముక్కతో మొదలుపెట్టండి. ముందు టైరును రెండు చేతులతో పట్టుకొని కుడి ఎడమలకు తిప్పండి. పవర్ స్టీరింగ్‌లో ఆయిల్ అడ్డం లేదు కాబట్టి రెండు చక్రాలూ కలిసి ఒక మనిషి బలానికి నున్నగా, ఈ చివర నుంచి ఆ చివరకు తిరగాలి. భుజం పెట్టి తోయాల్సి వస్తున్నా, మధ్యలో పట్టి పట్టి వదులుతున్నా రోగం ఇక్కడే ఉంది, బాక్సుకు పాపం తెలియదు. మీరు రాసిన గుర్తులు చూస్తే పందెం దీని మీదే కాయొచ్చు. అప్పుడు టై రాడ్డు ఒక చివర కూడా విప్పి ఏ వైపు చక్రం బిగుసుగా ఉందో చూడండి. విప్పకముందు టై రాడ్డు పైపును గుప్పిట్లో పట్టి ముందుకూ వెనక్కీ మెలితిప్పి చూడటం మరవొద్దు. రెండు చివరలా బాల్ జాయింట్లు బతికి ఉంటే పైపు కొద్దిగా మెసలుతుంది. ఇనుపగుండులా కదలకుంటే అవి ఎండిపోయినట్టే.

కొత్త కింగ్ పిన్నులు బిగుసుకుపోయే దారులు మామూలుగా ఇవి. బుష్షులు (పిన్ను తిరిగే లోహపు గొట్టాలు) ప్రెస్ చేశాక పైదీ కిందిదీ కన్నం నున్నగా కోసే ఒకే పొడవాటి రీమరుతో ఒకే వరసలో రీమింగ్ చేయాలి. పొట్టి రీమరుతో విడివిడిగా గీకినా, ఎమరీ కాగితంతో రుద్ది పిన్ను సుత్తితో దిగ్గొట్టినా రెండు బుష్షుల వరస తప్పి పిన్ను పట్టేస్తుంది. చేత్తో నొక్కితే ఆయిల్ పూసిన పిన్ను జారుతూ దిగాలి, అదే కొలత. రెండోది, బుష్షుకున్న గ్రీజు కన్నం, నకిల్‌లో (చక్రంతో పాటు పక్కలకు తిరిగే ముక్క) గ్రీజు నిపిల్ కన్నానికి ఎదురుగా రాకుండా బుష్షు కొట్టేయడం. ఇది జరిగితే మీరు గన్నుతో ఎంత కొట్టినా లోపలికి ఒక్క చుక్క పోదు. మూడోది, యాక్సిల్‌కు నకిల్‌కు మధ్య షిమ్ములు, అంటే పలుచని రేకులు. పాత పిన్నుకు పైకీ కిందికీ ఉన్న ఆట (వదులు) పోగొట్టాలని ఒక షిమ్ము ఎక్కువ దూర్చితే నిలువునా బిగుస్తుంది. అక్కడ మిల్లీమీటరులో పదో వంతు నుంచి రెండు పదో వంతుల దాకా సందు ఉండాలి, ఫీలర్ గేజుతో చూడాల్సిందే, వేలితో అందేది కాదు. నాలుగోది, ముందు బరువు మోసే థ్రస్ట్ బేరింగు తలకిందులుగా వేయడం. మూత ఉన్న ముఖం పైకి ఉండాలి. తిరగేస్తే పైనుంచి నీళ్లు, దుమ్ము నేరుగా గుండ్లలో పడతాయి, రెండు మూడు నెలల్లో గరగరమంటుంది.

గ్రీజు కొట్టే తీరులో కూడా తేడా ఉంది. బండి నేల మీద ఉన్నప్పుడు ముందు బరువంతా థ్రస్ట్ బేరింగు మీదే నొక్కుకొని ఉంటుంది కాబట్టి గ్రీజు దాంట్లోకి దూరదు. మీరు యాక్సిల్ ఎత్తి ఉంచారు కదా, ఈ పూటే కొట్టండి. ఈపీ 2 లిథియం గ్రీజు. నిపిల్ తల గుడ్డతో తుడిచి కొట్టాలి, లేకుంటే ఆ మట్టినే మనం లోపలికి పంపినట్టు. పైన, కింద, థ్రస్ట్ బేరింగు చుట్టూ పాత నల్ల గ్రీజు పోయి కొత్తది కనబడేదాకా కొడుతూ, మధ్యమధ్యలో చక్రాన్ని ఆ చివరకూ ఈ చివరకూ తిప్పించండి. గన్ను బిగుసుకుపోయి గ్రీజు పక్కలకు చిమ్మితే నిపిల్ మార్చండి. కొత్త నిపిల్ వేసినా పోకపోతే పైన చెప్పిన బుష్షు కన్నం సంగతే. ఇక పిన్ను దించక తప్పదు. దించినప్పుడు పిన్ను మీద నీలం రంగు, గీతలు ఉంటే సందేహం తీరినట్టే. గ్రీజు కొట్టాక సాఫీగా తిరిగితే మీ అదృష్టం బాగుంది, చాయ్ ఖర్చులో పోయింది.

తాడిపత్రి బండ్లకు ఇంకో బాధ ఉంది. పాలిషింగ్ ఫ్యాక్టరీల దగ్గర లోడు చేసేటప్పుడు ఆ రాతి సున్నం, పాలు లాంటి బురద కమాన్లకూ పిన్నులకూ పడుతుంది. ఎండితే పొడి, గ్రీజులో కలిస్తే సానపట్టే మందు. దాన్ని వదిలించడానికి వాటర్ సర్వీసుకు పెడతారు. ఆ నీళ్ల దెబ్బకు పిన్నుల్లో మిగిలిన గ్రీజు కూడా పోయి నీళ్లు చేరతాయి. నీళ్లు కొట్టించిన రోజే గ్రీజు కూడా కొట్టించకపోతే సర్వీసు చేయించకపోవడమే మేలు. మీరు తిరిగే తిరుగుడుకు రెండు వారాలకోసారి, అంటే నాలుగు ట్రిప్పులకోసారి, కింగ్ పిన్నులు, షాకిల్ పిన్నులు (కమాన్ కట్ట చివరను పట్టే కదిలే లింకు పిన్నులు), డ్రాగ్ లింకు ఎండ్లు గ్రీజు చూడాలి.

కింది ముక్క సాఫీగా ఉంటే అప్పుడు పై ముక్క. లింకు ఊడి ఉండగానే, ఇంజను ఆపి ఉంచి, స్టీరింగ్ చక్రాన్ని మెల్లగా ఒక చివర నుంచి ఇంకో చివరకు తిప్పండి. ప్రతి చుట్టులో రెండుసార్లు బిగుసు, రెండుసార్లు వదులు వస్తుంటే అది కాలమ్ కింద ఉన్న యూనివర్సల్ జాయింటు. క్రాస్ (జాయింటు నడుమ ఉండే కూడలి ముక్క) తుప్పు పట్టి ఉంటుంది, లేదా షాఫ్టు ఊడదీసి పెట్టినప్పుడు క్రాసులను పట్టే రెండు యోకులూ ఒకే వరసలో లేకుండా పెట్టి ఉంటారు. తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి కాసేపాగి తిప్పితే తేలికైతే అనుమానం ఖాయం. ఆయిల్‌తో వదిలేయకండి, క్రాస్ మార్చండి.

నేరుగా పోయే చోట, సరిగ్గా మధ్యలో మాత్రమే పట్టి, రెండు పక్కలా వదులుగా ఉంటే అప్పుడు బాక్సును అడగొచ్చు. బాక్సులో డ్రాప్ ఆర్మును తిప్పే సెక్టర్ షాఫ్టు పళ్లు మధ్యలో బిగువుగా, చివరల్లో వదులుగా ఉండేటట్టే కోసి ఉంటాయి. పైనున్న అడ్జస్టింగ్ స్క్రూ బిగిస్తే ఆట మధ్యలో ముందు పోతుంది, ఇంకాస్త బిగిస్తే మధ్యలో పట్టేస్తుంది. ‘స్టీరింగ్‌లో ప్లే ఉంది’ అనగానే ఈ స్క్రూ ఒక పట్టు పట్టించడం చాలా షెడ్డుల్లో అలవాటు. అసలు ప్లే డ్రాగ్ లింకు ఎండ్లలో ఉంటే స్క్రూ బిగించినా అది పోదు, పైగా మధ్యలో బిగువు కొత్తగా వస్తుంది. మీ బండికి పిన్నులు మార్చిన రోజు ఆ స్క్రూ ఎవరైనా ముట్టుకున్నారా అని అడగండి. లాక్ నట్టు చుట్టూ పెయింటు చెదిరి, మర మెరుస్తూ ఉంటే మీకే తెలుస్తుంది. ముట్టుకొని ఉంటే, బాక్సును దాని మొత్తం చుట్లలో సగానికి తెచ్చి, నట్టు వదిలి, స్క్రూ వెనక్కి తీసి, ఒక చుట్టులో ఎనిమిదో వంతు చొప్పున మళ్లీ బిగిస్తూ, మధ్యలో చిన్న బిగువు తగిలేదాకా తేవాలి. పవర్ బాక్సు కాబట్టి ఇది పవర్ స్టీరింగ్ పని తెలిసినవాళ్ల చేత చేయించుకోండి, మీ సొంత చేత్తో వద్దు.

ఆయిల్ సంగతి క్లుప్తంగా. రిజర్వాయరులో మట్టం, రంగు, నురగ చూడండి. నురగ ఉంటే గాలి లాగుతోంది, సక్షన్ పైపు క్లిప్పు చూడాలి. ఫిల్టరు ఎప్పుడు మార్చారో గుర్తులేకపోతే మార్చేయండి. మూత మీదో మాన్యువల్‌లోనో చెప్పిన ఆయిలే పోయాలి, చేతికందిన ఇంజనాయిలు కాదు. ఐడిల్‌లో బరువుగా ఉండి, ఇంజను పెంచితే తేలికైతే పంపు బలహీనం. ఒక పక్కకు తేలిక, ఇంకో పక్కకు బరువు అయితే బాక్సు లోపలి వాల్వు, సీళ్లు. ఐడిల్‌లోనూ పరుగులోనూ ఒకే తీరుగా పట్టేస్తుంటే ఆయిల్ వైపు వెతకడం దండగ.

లింకు తిరిగి పెట్టేటప్పుడు చక్రాలు తిన్నగా, బాక్సు సగంలో ఉండాలి. కొత్త స్ప్లిట్ పిన్ను వేయాలి. కన్నం కలవకపోతే నట్టు కొంచెం బిగించి కలపండి, వెనక్కి వదిలి కాదు.

ఇవన్నీ బాగుండి కూడా మలుపు తర్వాత చక్రం తిరిగి రాకపోతే? చేతికి తేలికే కానీ రోడ్డు మీద అటూ ఇటూ తిరుగుతూ, మనమే లాగాల్సి వస్తుందంటే అది క్యాస్టర్ తక్కువ కావడం. కింగ్ పిన్ను పై కొన కాస్త వెనక్కి వాలి ఉంటేనే చక్రం తనంతట తాను నేరుగా వస్తుంది. ఆ వాలు కోసం చాలా బండ్లలో ముందు కమాన్ కట్టకూ యాక్సిల్‌కూ మధ్య ఒక టేపరు ప్లేటు ఉంటుంది. కట్ట యాక్సిల్ పైన కూర్చునే బండిలో దాని దళసరి వైపు వెనక్కి ఉండాలి. కట్ట విప్పి కట్టినప్పుడు దాన్ని తిరగేసి వేయడం, ఒక వైపు వేసి ఇంకో వైపు మరవడం కొత్త కాదు. టార్చి పట్టుకొని రెండు వైపులా చూడండి, నిమిషం పని.

ఇక్కడే మీరు వెనక ఎక్కించిన పట్టీలు కూడా లెక్కలోకి వస్తాయి. వెనక ఎత్తు పెరిగితే ఛాసిస్ ముక్కు కిందికి వంగుతుంది, దానితో పాటు ముందు యాక్సిల్ ముందుకు వాలి క్యాస్టర్ ఆ మేరకు తగ్గిపోతుంది. లోడు వేస్తే వెనక దిగుతుంది కాబట్టి కాస్త నయమనిపిస్తుంది, ఖాళీగా ఎక్కువ తెలుస్తుంది. ఎత్తు పెరిగితే ప్రొపెల్లర్ షాఫ్టు కోణం కూడా మారుతుంది. ఖాళీగా వచ్చేటప్పుడు ‘బుర్ర్’మనే అదురుడు ఎక్కువై, లోడుతో తగ్గుతుంటే కారణం అదే కావచ్చు. షాఫ్టు క్రాసుల్లో ఆట, సెంటర్ బేరింగు రబ్బరు, షాఫ్టు మీద బ్యాలెన్సు కోసం అతికించిన ముక్క ఊడిందా, రెండు చివరల యోకులు, వాటి మీది బాణం గుర్తులు ఒకే వరసలో ఉన్నాయా చూడండి.

ఖాళీ బండి కుదుపు గురించి నిజం చెప్పాలంటే, అందులో సగం మీరు డబ్బిచ్చి కొనుక్కున్నదే. రెండేసి పట్టీలు ఎక్కువ ఉన్న కట్టకు కదలాలంటే బరువు కావాలి. మా సలహా, అదనపు పట్టీలు తీసేసి కంపెనీ లెక్క ప్రకారం కట్టించి, లోడు ఆర్‌సీలో రాసిన బరువు లోపలే ఉంచడం. కిరాయి లెక్కలు మీకు తెలుసు, నిర్ణయం మీది. పట్టీలు ఎక్కించినంత మాత్రాన యాక్సిల్, బ్రేకులు, ముందు కింగ్ పిన్నుల బలం పెరగదు.

మిగిలిన సగం మాత్రం బాగుచేయొచ్చు. కట్ట అణిగినప్పుడు పొడవు పెరుగుతుంది. ఆ పెరుగుదలకు చోటిచ్చేది షాకిల్. పిన్ను బుష్షులో పట్టేస్తే కట్ట పొడవు కాలేదు, ఇక అది కమాను కాదు, ఇనుప దూలం. ఖాళీ బండికి షాకిల్ మీద, పక్కన బ్రాకెట్ మీద సుద్దముక్కతో ఎదురెదురుగా ఒక్కో గీత గీయండి, లోడు వేశాక చూడండి. గీతలు ఒకదాన్నుంచి ఒకటి జరిగి ఉండాలి. జరగకపోతే పిన్ను పట్టేసింది. కట్టను యాక్సిల్‌కు పట్టే యూ బోల్టులు కొత్త పని తర్వాత లోడుతో ఒక 500 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించారా? బిగించకపోతే కట్టలోని సెంటర్ బోల్టు తెగి, యాక్సిల్ ఒక పక్క వెనక్కి జరిగి ఉండొచ్చు. కమాన్ ముందు పిన్ను నడుమ నుంచి యాక్సిల్ నడుమ దాకా టేపుతో రెండు వైపులా కొలవండి. నాలుగైదు మిల్లీమీటర్ల తేడా ఉన్నా వదలొద్దు. షాక్ అబ్సార్బర్ల పరీక్ష ఇంకా సులువు. పది పదిహేను కిలోమీటర్లు నడిపి ఆపి చేయి పెట్టి చూస్తే, పనిచేసేది వేడిగా ఉంటుంది, చచ్చింది చల్లగా ఉంటుంది.

చివరిగా టైర్లు, చక్రాలు. యాక్సిల్ స్టాండ్ల మీద ఉన్నప్పుడే ట్రెడ్‌కు దగ్గరగా నేల మీద ఒక ఇటుక నిలబెట్టి, దాని మీద సుద్ద పెట్టి టైరు తిప్పండి. ఎత్తు పల్లం 3 మిల్లీమీటర్లు మించితే టైరును డిస్కు (రిమ్ము) మీద కాస్త తిప్పి మళ్లీ ఎక్కించండి, అప్పటికీ అట్లనే ఉంటే ఆ టైరు ముందుకు పనికిరాదు. రీట్రెడ్ (పై పొర మళ్లీ వేయించిన) టైర్లు వెనకే ఉంచండి. డిస్కుకూ హబ్బుకూ మధ్య రాతి పొడి, తుప్పు పేరుకుంటే చక్రం వంకరగా కూర్చుంటుంది, వైరు బ్రష్షుతో రెండు ముఖాలూ గీకి, నట్లు ఎదురెదురుగా బిగించాలి. టైరును పైన కింద పట్టి ఊపండి. ఆట ఉంటే, గాలి ట్యాంకు నిండి ఉండగా ఒకరిని బ్రేకు తొక్కమనండి. ఆట పోతే వీల్ బేరింగు, అట్లనే ఉంటే కింగ్ పిన్ను. ట్రెడ్ చిప్పలు చిప్పలుగా అరిగితే బ్యాలెన్సు లేదా షాక్ అబ్సార్బరు. అడ్డంగా అరచేత్తో రాస్తే ఒక దిక్కు నున్నగా, వెనక్కి రాస్తే గరుకుగా తగిలితే టో, అంటే ముందు చక్రాలు ఒకదానికొకటి తిన్నగా ఉండే వరస తప్పింది. గాలి ఉదయం చల్లగా ఉన్నప్పుడే పట్టండి. మన ఎండల్లో నడిచిన టైరులో ప్రెషర్ పెరగడం మామూలే, ఎక్కువైందని దించితే రాత్రికి తక్కువై ఇదే స్టీరింగ్ బరువెక్కుతుంది. అలైన్‌మెంటు ఈ పనులన్నీ అయ్యాకే, పట్టేసిన పిన్నుల మీద చేయించిన అలైన్‌మెంటు నిలవదు.

రాళ్లు క్యాబిన్ వెనక గోడకు ఆనించి ముందుకే పేరుస్తుంటే ముందు యాక్సిల్ మీద బరువు పెరిగి స్టీరింగ్ మరింత పట్టేస్తుంది, లోడు చేసే మేస్త్రీతో ఆ మాట చెప్పండి. లింకు ఊడదీసినప్పుడు బిగువు కింద ఉందా పైన ఉందా, టేపరు ప్లేటు ఏ వైపు ఉంది, ఈ రెండూ రాసి పంపితే తర్వాతి మాట చెప్తాం.